మరకల లెక్క

మార్చి రెండో వారం. టొలీడోలో నది మీద మంచు
ఇంకా పలకలు పలకలుగా పగులుతూనే ఉంది.
స్టేడియం అడుగున, కిటికీ లేని గదిలో
నేనూ, నా కుట్టుమిషనూ,
ఆవిరి కక్కే ఆరు వాషింగ్ మెషీన్లూ.

పైన నాలుగో అంతస్తులో పెద్దమనుషులు
ఇద్దరు టైట్ ఎండ్‌లను తక్కెట్లో పెట్టారట.
డబ్బు ఒక్కరికే సరిపోతుందట.
జీతాలకి లీగు గీసిన గీత ఒకటుంది,
అది దాటితే ఎంతటివాడైనా జరిమానా కట్టాల్సిందే.

టైట్ ఎండ్ అంటే ఏమిటే అని
మా చెల్లెలు వాండా ఏటా అడుగుతుంది.
ఏం చెప్పను?
సగం గోడ, సగం గువ్వ.
ఒకసారి ఎదుటివాడి ఛాతీని భుజంతో ఆపాలి,
మరుసటిసారి వాడి భుజం మీంచి ఎగిరి బంతి అందుకోవాలి.
గోడలకిచ్చే జీతం ఇవ్వరు,
గువ్వలకిచ్చేదీ ఇవ్వరు.
రెండు పనులు చేసేవాడికి ఒకటిన్నర కూలి కూడా దక్కని చోటు
లోకంలో ఇదొక్కటే కాదులే.

ఎనభై ఎనిమిది, కీయాండ్రే టాలివర్. ఇరవై నాలుగేళ్లు.
పోయినేడు డెబ్భై ఒక్క క్యాచ్‌లు, తొమ్మిది టచ్‌డౌన్లు.
ఎనభై నాలుగు, వేలన్ ప్రూయిట్. ముప్పై రెండు.
పదకొండు క్యాచ్‌లు. టచ్‌డౌన్ ఒకటి,
అదీ బంతి ఎవడి హెల్మెట్‌కో తగిలి వచ్చి ఒళ్లో పడింది.
కాగితం మీద చూస్తే
నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరం.

నేను చూసేది కాగితం కాదు, బట్ట.

ప్రూయిట్ ఆడిన ఆదివారాల్లో
క్వార్టర్‌బ్యాక్ జెర్సీ మడత నలగని పెళ్లిబట్టలా తిరిగొచ్చేది,
నడుం దగ్గర కాస్త చెమట, అంతే.
అక్టోబరులో ప్రూయిట్ మోకాలు వాచి మూడు వారాలు కూర్చున్నాడు.
ఆ మూడు వారాలూ అదే జెర్సీకి
మోచేతి మీద పచ్చిక, వీపున అడ్డంగా సున్నం గీత,
మెడ దగ్గర రక్తం, ఎండి అట్టకట్టింది.
చన్నీళ్లలో ఉప్పేసి రాత్రంతా నానబెట్టాను.

తగిలిన దెబ్బకి ఎక్స్‌రే ఉంటుంది.
తగలని దెబ్బకి?

లెక్కలు చూసే కుర్రాడు డెస్మండ్ యెర్బీ
చొక్కా గుండీ ఊడిందని కిందికొస్తే ఇదంతా చెప్పాను.
వాడు నవ్వలేదు.
గుండీ కుట్టినంతసేపూ గోడకేసి చూసి
"మరకని ఏ గడిలో రాయమంటారు, బెర్నడీన్ గారూ?" అన్నాడు.
నా దగ్గర జవాబు లేదు. దారం కొరికాను.

టాలివర్‌ని తప్పు పట్టను.
వాడి వేళ్లు చూశాను, రెండు విరిగి వంకరగా అతుక్కున్నాయి.
సంతకం పెట్టే కుర్చీలో నేనే కూర్చున్నా
వాడికే ఇచ్చేదాన్నేమో.
నిద్ర పట్టనివ్వనిది అదే.

గురువారం ఫోనొచ్చింది. టాలివర్‌కి నాలుగేళ్లు.
ఎనభై నాలుగు మీద పేరు విప్పెయ్.

కుట్టడం కన్నా విప్పడానికి ఓపిక కావాలి.
ఏడక్షరాలు. కత్తెర మొనతో ఒక్కో పోగూ.
అక్షరం పోయినా సూది పడ్డ చోట్లు పోవు,
వెలుతురుకి పట్టి చూస్తే పేరు చదవొచ్చు.

ప్రూయిట్ తనే వచ్చాడు, చేతిలో కిరాణా సంచి.
"పారేస్తావా అవి? నాకియ్యి.
మా చిన్నది ఇంటిపేరు రాయడం నేర్చుకుంటోంది,
చివర టీ రెండుసార్లెందుకని పేచీ."
ఇచ్చాను. లెక్కపెట్టుకున్నాడు, ఏడూ ఉన్నాయా అని.
తలుపు దాటేటప్పుడు మాత్రం
మోకాలు వంచకుండా నడిచాడు.

సెప్టెంబరు. మొదటి ఆదివారం.
ఇరవై నాలుగు, ఇరవై. గెలిచాం.
టాలివర్‌వి రెండు టచ్‌డౌన్లు, పైన సీసాల మోత.
బుట్టలో క్వార్టర్‌బ్యాక్ జెర్సీ వచ్చింది,
కుడి భుజాన అరచేతంత పచ్చిక.
బకెట్లో చన్నీళ్లు పట్టాను.

డెస్మండ్ మెట్లు దిగి వచ్చాడు.
చొక్కా గుండీలన్నీ ఉన్నాయి.
బకెట్లోకి చూస్తూ నిలబడ్డాడు.