ఫైలు ఫోటో

ప్రెస్టన్ బస్ స్టేషన్లో, పదిహేడో గేటు దగ్గర
ఆమె బస్సు కోసం నిలబడి ఉంది.
ఫిబ్రవరి. బయట సన్నవాన.
మా కాల్విన్ అద్దం ఇవతల నుంచి తీశాడు.
అడగలేదు. నలుగురూ తిరిగే చోట
అడగక్కర్లేదని మా రూలు.

ఆ ఫోటో నా డెస్కు మీదికి వచ్చేసరికి
ఒక హెడ్డింగు బొమ్మ లేక బోసిగా పడి ఉంది.
ఊళ్ళో అప్పటికింకా ఒక్క కేసూ లేదు.
ముళ్ళబంతి బొమ్మని అన్ని పేపర్లూ అరగదీశాయి.
నేను ఆమెను పెట్టాను.
నీలం మాస్కు, పైన రెండు కళ్ళు.
ఆ కళ్ళ తీరు చూసే పెట్టాను.
ఇప్పుడు చెబుతున్నాను ఈ మాట.
అప్పుడు మాత్రం "వెలుతురు బాగుంది" అన్నాను.

ముక్కూ మొహం తెలియని మనిషి అంటాం చూడండి,
అలాంటి మనిషిని పదకొండుసార్లు వాడాను.
బళ్ళు మూస్తారన్న వార్తకి ఆమె.
టాయిలెట్ పేపరు కోసం కొట్టుకున్న వార్తకి ఆమె.
గబ్బిలాల మీద వ్యాసానికి, నమ్మండి, ఆమె.
కింద చీమతలంత అక్షరాల్లో "ఫైలు ఫోటో".
అంటే మా భాషలో,
ఈమెకీ దీనికీ సంబంధం లేదు, అడక్కండి అని.

ఆ రోజుల్లోనే ఫిషర్‌గేట్ వీధిలో ఒక పెద్దాయన
నన్ను చూసి మఫ్లరు ముక్కు మీదికి లాక్కున్నాడు.
రాత్రంతా నిద్ర పట్టలేదు.
తెల్లారి ఆఫీసుకెళ్ళి
మళ్ళీ ఆమెనే పెట్టాను.

మార్చి రెండో వారం, కింద రిసెప్షన్ నుంచి ఫోను:
"ఎవరో వచ్చారు. మాస్కు ఉంది."
దిగాను. కళ్ళని గుర్తుపట్టాను.
డోరీన్ పాంగ్. పుట్టింది డీప్‌డేల్లో,
పని ఒక ప్రైమరీ స్కూలు వంటగదిలో.
మాటలో లాంకషైర్ యాస, మా ఎడిటరు కన్నా చిక్కగా.
సంచిలోంచి పదకొండు కటింగులు తీసి
కౌంటరు మీద పేకముక్కల్లా పరిచింది.
"ఆ మాస్కు మా నాన్న కోసం. ఆయనకి కీమో.
నా జలుబు ఆయనకి అంటకూడదని."
ఇప్పుడు తల్లులు కొందరు
ఆమె వడ్డించే పళ్ళెం వద్దంటున్నారట.
కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు.
"ఆ రోజు మంచి కోటు వేసుకున్నాను," అంది,
"అదీ పడలేదు మీ ఫోటోలో."

సవరణ వేశాం.
ఇరవై రెండో పేజీ, గుర్రప్పందేల కింద, రెండు లైన్లు.
నేనే రాశాను. "పొరపాటున" అన్న మాట
నాలుగుసార్లు కొట్టేసి నాలుగుసార్లు రాశాను.
చివరికి ఉంచాను.
ఆమె పేరు వెయ్యలేదు, గోప్యత అన్నారు.
గోప్యత మాకప్పుడు గుర్తొచ్చింది.

ఏప్రిల్లో అంకెలు మొదటి పేజీకెక్కాయి.
నల్లపెట్టెలో తెల్లంకె. సాయంత్రం ఐదింటికి
స్కోరు మార్చినట్టు మార్చేవాణ్ణి.
ఒక గురువారం, ఏడు.
ఆ ఏడులో ఒకటి వాళ్ళ నాన్నని
ప్రకటనల విభాగం నుంచి ప్రూఫు వచ్చాక తెలిసింది.

మరణ ప్రకటనకి మా పేపర్లో లైనుకింత అని రేటు.
ఆమె ఫోన్లో లైన్లు లెక్కపెట్టించుకుందట.
"ప్రియమైన" తీసేసింది.
"నలభై ఆరేళ్ళు ఇదే ఊళ్ళో" ఉంచింది.
ఐదు లైన్లు, కార్డు మీద కట్టింది.
పదకొండుసార్లకి మేం ఆమెకి కట్టింది ఏమీ లేదు.
ఫోటో జతచేస్తారా అని మా అమ్మాయి అడిగితే
కాసేపు ఏం మాట్లాడలేదట.

ఆ ఫైలు తీసెయ్యమని నాకెవరూ చెప్పలేదు.
తీసేద్దామని తెరిచాను, అసలుది, పూర్తిది.
వెనక గోడ మీద గడియారం, నాలుగూ పది.
అద్దంలో కాల్విన్ మోచెయ్యి.
మెరూన్ కోటు, పెద్ద బొత్తాలు.
ఆమె చేతిలో మందులషాపు కాగితం సంచి,
మీద ఆకుపచ్చ ప్లస్ గుర్తు,
గుండెకి ఆనించి పట్టుకుని ఉంది.
అన్నీ మొదట్నించీ అందులోనే ఉన్నాయి.
కళ్ళ దాకా కోసింది నేను.