వెనకాల తెల్లగుండాల

సారు రాసిచ్చిన చీటీలో నాలుగే మాటలు:
ప్రతి రాయినీ నాలుగు దిక్కులా తియ్యి.
పక్కన స్కేలు పెట్టు.
నీడ పడనీయకు.
మనుషులు వద్దు.

పెళ్ళిళ్ళు లేని ఆషాఢం.
కళ్యాణదుర్గంలో షట్టరు దించి
బండి మీద గుట్ట కిందికి వచ్చేసరికి
గాలిమరలు అప్పుడే పనిలోకి దిగినాయి.
బ్యాగులో రెండు లెన్సులు, మూడు బ్యాటరీలు,
ఊరిబిండి రాసి చుట్టిన రొట్టెలు.
నలుపూ తెలుపూ గళ్ళ స్కేలు మాత్రం
స్టూడియో గోడకు ఆనుకొని అక్కడే నిలబడిపోయింది.

రాళ్ళను తీయడం నాకు రాదు.
"గడ్డం కొంచెం పైకి" అన్నాను అలవాటుగా,
నాకు రెండింతల ఎత్తున్న ఒక నిలువురాయితో.
అది ఎత్తలేదు.
రెప్ప కూడా వేయలేదు.
ఇరవై రెండేళ్ళలో ఎంతమంది పెళ్ళికొడుకులను
బతిమాలుకున్నానో ఆ ఒక్క సంగతికి.

మేకల గంటల వెనక మాళక్క వచ్చింది.
"ఏం తీస్తాండావప్పా, రాళ్ళనా?
వాటికి గూడా పింఛనీ కావల్లనేమి?"

"మూరెడు మనుషుల ఇండ్లివి" అంది,
నాలుగు బండలు నిలిపి పైన ఒకటి కప్పిన దాన్ని కట్టెతో తట్టి.
"నిప్పులవాన కురిసిన్నాడు అందరూ లోపలికి దూరి
రాళ్ళు అడ్డమేసుకున్న్యారంట.
వాన నిలిచిందని చెప్పేదానికి
బయట ఒక్కరూ మిగల్లేదు."

ఎదురు బండకు తలకాయ పట్టేంత గుండ్రటి కన్నం.
కార్డు మార్చుకుందామని పక్కసందులోంచి పాకి లోపల కూచున్నాను.
మేక పెంటికలు, మాళక్క సద్దిటిఫిను, మడిచిన గొంగళి,
ఒక కాలి చెప్పు.
ఫిల్ము కాలంలో డార్కురూములో పని నేర్చినవాణ్ణి,
చీకటి గదికి బెజ్జం కనబడితే
ఎదుటి గోడ వైపు చూస్తాను.
సూదిమొనంత బెజ్జమైతే
గుట్ట తలకిందులుగా ఆ గోడ మీదికి దిగేది.
ఇంత కన్నానికి బొమ్మ కట్టదు.
ఉత్త వెలుగు, రొట్టెంత, నేల మీద.
ఎన్ని వేల ఏండ్లుగా తెరిచి పెట్టినారో,
ఇంకా ఏమీ పడలేదు.

స్కేలుకు మాళక్క కట్టెనే ఆనించినాను.
ఆమే కొలిచి చెప్పింది మోచేతితో.
పుస్తకంలో రాసుకున్నాను:
మాళక్క కట్టె, మూడు మూరల బెత్తెడు.

చీటీలో పద్నాలుగని ఉంది. పదకొండే దొరికినాయి.
"ఒగటి గంగప్ప కల్లంలో ఉంది.
ఒగటి వంకకు అడ్డం పండుకున్నాది,
దాని మీదనే మేము దాటేది.
ఇంగొగటి జేసీబీకి తెల్సు."

ఎండ నడినెత్తికొచ్చి
రాళ్ళ నీడలు రాళ్ళ కిందికే పోయినప్పుడు
ఆమె బొటనవేలు నా ముందు పెట్టింది.
"మిషిన్ల పడ్డంలేదప్పా. ఏడుసార్లు నొక్కినా.
గీతలన్నీ అరిగిపోయినాయంట.
పోటో తెమ్మన్న్యారు, చిన్నది.
వెనకాల తెల్లగుండాలంట."

తెల్లనిదేదని వెదికినాను.
నా చొక్కా గళ్ళది.
తెల్లమేక నిలబడదు.
తూర్పు బండ ఒక్కటే కాస్త వెలిసి ఉంది.
దాని ముందు నిలబెట్టి
"గడ్డం కొంచెం పైకి, అక్కా" అన్నాను.
ఎత్తింది.
మూడుసార్లు రెప్ప వేసింది.
నాలుగోసారి నేనే ఊపిరి పట్టుకున్నాను.

నలభైనాలుగు ఫోటోలు చూసి సారు ఫోను చేసినాడు:
బాగున్నాయి గానీ ఆ కట్టె ఏంది?

సచివాలయంలో ఆ చిన్న ఫోటో తిప్పి పంపినారు.
వెనకాల తెల్లగా లేదని.

రాత్రి కంప్యూటరు ముందు కూచుని
ఒక్క నొక్కుతో బండను తీసేశాను.
తెలుపు వచ్చి నిండింది.
చెవి పక్కన మాత్రం, చెదిరిన వెంట్రుకల సందులో,
గోరంత బూడిదరంగు అతుక్కునే ఉంది.
పెద్దది చేసి చూశాను, చెరపబోయాను.
వెంట్రుకలు కూడా పోతున్నాయి.

వదిలేసి
ఎనిమిది కాపీలు తీసిచ్చినాను.