సెకండ్ గేరు

రెండువేల నూట నలభై పౌండ్లు.
రెండు చలికాలాలు, తెల్లారి నాలుగింటికి లేచి
హ్యూ బేకరీలో పిండి పిసికితే మిగిలినవి.
బ్యాంకులోనే ఉన్నాయి గానీ
తలుచుకుంటే ఇప్పటికీ ఈస్టు వాసన.

ఇడ్వాల్ మామ ముప్పై ఏళ్ళు లారీల కింద పడుకున్నవాడు.
"ముందు తుప్పు చూడు" అన్నాడు.
"ఇంజను అబద్ధమాడుతుంది, మనిషి సరేసరి.
తుప్పుకి ఆ విద్య రాదు."
మోకాళ్ళ కింద వేసుకోవడానికి
పాత గోనెసంచి ఒకటి ఇచ్చాడు.

మొదటిది కోర్సా. నల్లది.
సైలెన్సరు గొట్టం భోజనం పళ్ళెమంత.
అమ్మే కుర్రాడు దెయాన్, నా ఈడువాడే,
నేను అడగకుండానే రెయ్యిమనిపించి చూపించాడు,
వీధిలో కుక్కలన్నీ జవాబిచ్చాయి.
లోపల స్ట్రాబెర్రీ సెంటు గుప్పుమంది.
ఇంత సువాసన దేనికబ్బా అని
కాళ్ళ కింద మ్యాటు ఎత్తితే
చేపలు పెంచుకోవచ్చు.

రెండోది చూడకుండా ఉండాల్సింది.
ఎర్ర మాజ్డా. రెండే సీట్లు. టాపు వెనక్కి మడుచుకుంటుంది.
మా బ్లైనాలో వాన కురవదు, కాపురం ఉంటుంది;
ఏడాదికి పదకొండు రోజులు టాపు తీస్తానేమో.
ఆ పదకొండు రోజుల కోసం ప్రాణం లాగేసింది.
ధర చేతికందేదే.
ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోన్ చేస్తే
నా వయసు అడిగి, కాసేపు మౌనం పాటించి,
మూడువేల ఎనిమిది వందలు అన్నారు.
ఏనుగు కన్నా అంకుశం ఖరీదు.
పందొమ్మిదేళ్ళు ఉండటం నేరమని
బళ్ళో ఎవరూ చెప్పలేదు.
తాళం తిరిగిచ్చేటప్పుడు
దాని బానెట్ మీద చెయ్యి వేశాను, ఒక్క క్షణం,
ఎవరూ చూడలేదనుకుంటాను.

మూడోది పాండా.
బొమ్మ కాదు, కారే. అగ్గిపెట్టెకి చక్రాలు తగిలించినట్టు,
రాతిపలక రంగు.
అసలు మా ఊరంతా అదే రంగు.
గనుల్లో చీల్చి, పనికిరావని పారబోసిన పలకలే
చుట్టూ కొండలై నిలబడ్డాయి.
పార్కు చేస్తే నాకే కనపడదేమో అనిపించింది.

అమ్మే ఆవిడ కైన్‌వెన్, రిటైరైన నర్సు,
ఎనభై ఎనిమిది వేల మైళ్ళు
అన్నీ ఎవరికో సూది వెయ్యడానికి వెళ్ళినవే.
తలుపు మీద సొట్ట: పొట్టేలు.
వెనక బంపరు: ఇంకో పొట్టేలు.
నేను గోనె పరిచి కిందకి దూరాను.
తుప్పుంది. పైపైన. నిజాయితీగా ఉంది.

"నడుపు మరి" అందావిడ, పక్క సీట్లో కూచుని.
క్రిమియా కనుమ ఎక్కాం.
సెకండ్ గేరు వెంటనే పడదు,
మొండి పిల్లకి జడ వేసేటప్పటిలా
కాస్త ఆగి, బతిమాలి, అప్పుడు.
పడిందా, ఇక చూడాలి,
మలుపు మలుపుకీ కారు ఒళ్ళంతా ఒరిగి
ఇంజను తేనెటీగలా గొంతు చించుకుని
నూరు మీద పోతున్నామనుకున్నాను.
ముల్లు చూస్తే ముప్పై ఎనిమిది.
కైన్‌వెన్ పైనున్న పట్టీ పట్టుకుని నవ్వుతోంది,
పళ్ళసెట్టు కదిలేంతగా.
నేనూ నవ్వుతున్నానని
అద్దంలో చూసి తెలుసుకున్నాను.

పదిహేను వందలు. పెన్నీ తగ్గలేదు.
నర్సులు బేరం ఆడనివ్వరు.
పైగా వెనక సీటు మీది గొడుగు కూడా
గుర్తుగా తీసేసుకుంది.

ఇన్సూరెన్సువాళ్ళు ఒక చిన్న పెట్టె పంపారు,
ఎక్కడ బ్రేకు తొక్కానో, ఎక్కడ తొందరపడ్డానో
వాళ్ళకి చాడీలు చెప్పడానికి.
అది పెట్టుకుంటే నెలకి తొంభై రెండు. పెట్టుకున్నాను.

నిన్న బేకరీ అయ్యాక
ముంజేతులకి ఇంకా పిండి, బయట వాన,
ఒక వైపరు పనిచేస్తూ, రెండోది దాన్ని చూస్తూ.
ఇంటి మలుపు వచ్చింది.
ఇండికేటరు వేశాను.
తీసేశాను.
పెట్టె రాసుకునే ఉంటుంది.