ఒంటి మేజోడు

అక్టోబరులో, పూర్ణా మార్కెట్లో
కొట్టతను నవ్వాడు:
"ఈ ఉక్కలో ఊలేటమ్మా?"
నిజమే. అరచేతి చెమటకి సూది జారుతుంది,
దాంతోపాటు ఓ కుట్టు.
మూడు వరసలు విప్పి మళ్లీ మొదలు.

అత్తయ్య కళ్లజోడుకి నీలం సంచి అయిపోయింది.
లూర్దు కూతురికి గొర్రెపిల్లని అల్లాను,
కుక్కపిల్ల అంటోంది.
సరే, కుక్కపిల్లే.

మిగిలింది మరిది జోజి.
హార్బరు ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ.
ఊరంతా ఫ్యాను కింద పడుకునే వేళ
దిమ్మల మధ్య కొంకర్లు పోయే కాళ్లతో నిలబడతాడు.
తెల్లారి వచ్చి, జ్ఞానాపురం ఎండలో
మా గడప మీద పాదాలు ఆరబెట్టుకుంటాడు,
ఉప్పుచేపల్లా, పక్కపక్కన.
కొలత అడగలేదు నేను.
అతను లేచి వెళ్లాక
తడి మరకని జానతో కొలుచుకున్నాను.

అర్ధరాత్రి పూజకి గంట కొట్టేసరికి
ఒక్క మేజోడే పూర్తయింది.
రెండోది మడమ దగ్గరే ఆగింది, సూదులతో సహా.
ఉన్నదాన్నే కాగితంలో చుట్టి ఇచ్చాను.
"ఏ కాలికి వదినా?" అన్నాడు.
"ఏది ఎక్కువ ఏడిస్తే దానికి."

పండగ రాత్రీ డ్యూటీయే.
మర్నాడు పొద్దున్న గడప మీద
ఒక్క పాదం తడే ఉంది.