ఇసక మావయ్య

ప్రతి మంగళవారం
మేం ఒకే మనిషిని కాపాడతాం.
డెబ్బై కిలోల ఇసక, రెండు పొరల కాన్వాసు,
మొహం లేదు.
ఎవరో రిటైరైనవాడి చొక్కా తొడిగాం,
జేబు మీద పేరు సగం చెరిగిపోయింది.
ఇసక మావయ్యా అని పిలుస్తాం.
ఇరవై రెండేళ్ళలో
నా చేతుల్లోనే వెయ్యిసార్లు బతికుంటాడు.
బతికించడానికి ఇంకెవరూ దొరకలేదు నాకు.
దొరక్కూడదనే
సింహాద్రప్పన్నకి ఏటా మొక్కుకుంటాను.

ఇంటికెళ్తే మా ఆవిడ అడుగుతుంది:
"ఇయ్యేల ఏటైంది?"
"ఏటీ అవ్వనేదు."
ఏటీ అవ్వకుండా ఉండడానికి
ఎన్ని చొక్కాలు తడుస్తాయో
ఉతికే ఆవిడకి తెలుసు, అడగదు.

గంట మోగితే మూడు నిమిషాలు.
అందులో బూట్లకెంత, బెల్టుకెంత,
మేఘాద్రి గెడ్డ వైపు మలుపులో
ట్యాంకులో నీళ్ళన్నీ ఒక పక్కకి ఒరిగి
బండిని తమతో రమ్మని లాగే
ఆ ఒక్క క్షణానికెంత.
అన్నీ పోగా మిగిలిన చిల్లరే
లోపలున్నవాడి ఊపిరి.

సముద్రం ఇక్కడికి కనబడదు,
దాని ఉప్పు మాత్రం రోజూ డ్యూటీకొస్తుంది.
నిన్న తిరిగిన వాల్వు ఇవాళ తిరగదు.
మే నెల మధ్యాహ్నం వెండి సూటు వేసుకుంటే
మంటకి ముందే సగం ఉడికిపోతాం.
హుద్‌హుద్ ఏడు మంట రాలేదు, గాలొచ్చింది.
పైకప్పు రేకులు కొంగల్లా లేచిపోతుంటే
గొట్టాలు పట్టుకుని నిలబడ్డాం,
అడగని పాఠం అప్పజెప్పే పిల్లల్లా.

విమానాలూ మారిపోయాయి.
అప్పుడు రేకు, ఇప్పుడు నారతో నేసిన ఒళ్ళు,
కాలితే పొగలో సూదులుంటాయట.
ఫోను బేటరీ అయితే
ఆరినట్టే ఆరి, మనం అటు తిరగ్గానే
పాత పగలా మళ్ళీ లేస్తుంది.
నేను నేర్చుకున్న మంట వేరు.
మంట కూడా చదువుకుంటోంది.

"తలకంటే చేతికే మతిమరుపెక్కువరా"
అంటారు మా దాలినాయుడు గారు
మెడలో స్టాప్‌వాచీ సవరించుకుంటూ.

మొన్న మంగళవారం.
రెక్కల్లేని ఇనప విమానం, లోపల డీజిలు పొగ.
ఎడం చెయ్యి గోడని వదలకూడదు.
వదిలాను.
యాభై రెండో ఏడు కావచ్చు,
వెయ్యిసార్లు దొరికినవాడు ఎక్కడికి పోతాడన్న
పొగరే కావచ్చు.
సీట్లు లెక్కపెడుతూ తప్పాను, మళ్ళీ ఒకటి నుంచి,
మళ్ళీ తప్పాను.
వీపున సిలిండరు ఈల వేసింది.
ఖాళీ చేతులతో బయటికొచ్చాను.

కె.కోటపాడు పిల్ల మంగవేణి, ఎనిమిది నెలల సర్వీసు,
నా పక్కనుంచి దూసుకెళ్ళి
చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చింది.
నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.
దాలినాయుడు గారు పలక మీద సుద్దతో రాశారు,
నా మొహం చూడకుండా.

ఆ రాత్రి
"ఇయ్యేల ఏటైంది?"
"మావయ్య చచ్చిపోయాడు."
ఆవిడ చేతిలో గరిట ఆగిపోయింది.
ఏ మావయ్యో చెప్పాక కూడా
నవ్వలేదు.
అన్నంలో ఇంకో గరిటె పులుసు వేసి
"రేపు పెందలాడే ఎళ్ళు" అంది.

వెళ్ళాను.
మాస్కు అద్దానికి నల్ల టేపు అంటించుకుని
మోకాళ్ళ మీద, ఎడం చెయ్యి గోడకి.
ఒకటి, రెండు, మూడో వరస, వంగిన సీటు కాలు,
చల్లటి కాన్వాసు.
"మూడూ నలభై. ఇంకోపాలి, బాబాయ్"
బయట్నుంచి మంగవేణి గొంతు.

అంతలో హైదరాబాదు విమానం దిగింది.
టేపు వెనక నుంచి చప్పుడే విన్నాను:
చక్రాలు నేలని తాకడం, ఇంజన్లు నిట్టూర్చడం.
లోపల అప్పుడే ఎవరో బెల్టు విప్పేసి,
ఎవరో ఫోను చెవిని పెట్టుకుని
"ఆఁ, దిగిపోయాం" అంటూ ఉంటారు.

మావయ్యని మళ్ళీ
మూడో వరసలోకి మోసుకెళ్ళి పడుకోబెట్టాను.
చొక్కా గుండీ ఒకటి ఊడింది,
పెట్టాను.