దాసాని దడి

మొదట్లో అడ్డం కట్టింది ఫ్లెక్సీ.
ఎవరిదో పెండ్లి బ్యానరు.
ఎండకు పెండ్లికొడుకు మొగం ముందు పోయింది,
తర్వాత తేదీ.
గాలి లేస్తే అదీ లేస్తాది.
తలమీద చెంబెడు నీళ్లు కారతాంటే
ఒక చేత్తో గుడ్డ, ఒక చేత్తో బ్యానరు పట్టుకొని
ముడుచుకొని కూకుండేదాన్ని.
అవతల కుళ్లాయమ్మ టీ అంగడి, నాలుగు బెంచీలు.
ఎర్రగుంట్లలో బండలెత్తే లారీలకు
టీ తాగేటప్పుడు మాత్రం తొందరుండదు.

అందుకే దాసాని నాటినా.
మీ పక్క మందారం అంటారు.
మూరకొకటి, పద్దెనిమిది పుల్లలు.
ఏ రంగు పువ్వు కావాలమ్మా, అన్నాడు నర్సరీ లింగమూర్తి.
పువ్వొద్దు సామీ, ఆకు కావాల.
ఆకు మీద ఆకు పడల్ల.
సూది దూరే సందు కూడా ఉండగూడదు.

మోకాలెత్తు రాకముందే నెత్తి కొయ్యమన్నాడు.
చేతులు రాలేదు నాకు.
కోస్తేనే పక్కలకు పిలకలేస్తాదంట.
లంగా కట్టినట్టు పెంచు, అన్నాడు,
కింద వెడల్పు, పైన సన్నం.
నెత్తి బలిస్తే కాళ్లకు ఎండ దొరకదు,
కింద బోడైపోతాది.
నిజమే,
మనిషికైనా ముందు కనపడేది కాళ్లే గదా.

రెండో ఏడు ఆకు పసుపు పారింది.
ఈనెలు మాత్రం పచ్చగా,
చిక్కిన చేతి మీద నరాల మాదిరి.
నీళ్లు చాల్లేదేమోనని ఇంకో బిందె పోసినా.
ఇంకా పండింది.
లింగమూర్తి ఆకును ఎండకు పట్టి చూసినాడు.
తిండి లేక కాదుమ్మా, ఉన్నా మింగుడు పడక.
నేలంతా సున్నం.
పాలిష్ మిషన్ల కాడి తెల్ల నీళ్లు ఇంకిన నేల ఇది,
ఇనుము ఉంటాది, వేరుకు చిక్కదు.

ఆ తెలుపు నాకు కొత్త కాదు.
రోజూ సాయంత్రం మా ఆయన కనుబొమ్మల మీద
ఇంటికొచ్చేది అదే.

అన్నభేది తెచ్చినా,
లేత పచ్చ కలకండ పలుకుల మాదిరి ఉంది.
చెంచాలో సగం, బిందె నీళ్లు, నిమ్మచెక్క రసం.
పొద్దు వాలినాక చిలకరించినా.
పులిసిన మజ్జిగ పారబోయలేదు,
వేపపిండి పిడికెడు పిడికెడు మొదట్లో కలిపినా.
ఆకుల మీద దుమ్ము కడిగినా,
పిల్లోళ్ల మొగాలు కడిగినట్టు, గదమాయిస్తా.

నెలన్నరకు కొత్త చిగురు పచ్చగా వచ్చింది.
కానీ నా పక్క పచ్చ వేరు,
అవతలి పక్క పచ్చ వేరు.
ఆడ ఆకు నలుపు తిరిగి, అరచెయ్యంత.
నేను పోసిందంతా ఈ పక్కనే గదా.

కత్తెర తీసుకొని చుట్టు తిరిగి పోయినా.
అంగడి వెనక గోడకూ దడికీ నడుమ మూరెడు సందు.
పద్దెనిమిది మొదళ్లకూ నల్లగా, తేమగా
టీ పొడి పిప్పి.
మూలన విరిగిన బండ ముక్క మీద కుళ్లాయమ్మ,
ఒళ్లో గిన్నె, నోట్లో ముద్ద.
దొంగతనం దొరికినట్టు లేచి నిలబడింది.

కూచో అక్కా, అన్నా.
ఈడైతే ఎవురికీ కనపడను, అంది.
అన్నం ముందర కూచుంటే చాలు,
ఒగడు టీ అంటాడు, ఇంకొగడు అగ్గిపెట్టె.
మూడేండ్లు నిలబడే తిన్యా మ్మే.
మల్లా తనే అంది,
చక్కెర పోయేదాంక కడిగే ఏస్తాండా,
లేకుంటే చీమలు పడ్తాయి నీ చెట్లకు.

నీ చెట్లు అంది.
సగమే నిజం, నేనేం దిద్దలేదు.

ఇప్పుడు మూడు గంటలప్పుడు కత్తెర పట్టను.
ఒక్కోరోజు ఆలస్యమై
ఆ పొద్దుకే నీళ్లు పోసుకుంటాంటే
ఆకుల అవతల గిన్నె చప్పుడు.
చెంబు మెల్లగా దించుతా.

మొన్న, కోయడం మరిచిన కొమ్మకు
పువ్వు పూసిందంట, ఆ పక్కకు.
నాకు కనపడదు.
కుళ్లాయమ్మ చెప్పింది,
ఎర్రదంట.