ఎంత అడుగుతావు?

కంచరపాలెం మెట్టు దగ్గర
టెంట్‌హౌస్ మేడమీద గది.
కింద ఎవరి పెళ్లికో కుర్చీలు వెళ్లిపోతే
ఆ ఆదివారం నేలమీదే క్లాసు.

చేతులు ఎక్కడ పెట్టుకోవాలో,
తెలియనిది తెలియదని ఎలా చెప్పాలో
అన్నీ నేర్పాను.
వంతల లైకోన్ పాడేరు బస్సులో నిలబడి
ప్రోగ్రాములు వల్లెవేస్తూ వస్తాడు.
సూరాడ ఎర్రమ్మ లెక్కల్లో నన్నెప్పుడో దాటేసింది.

చివరి ప్రశ్న దగ్గర మాత్రం
గదిలో ఫ్యాను చప్పుడొక్కటే.
"జీతం ఎంత అనుకుంటున్నావు?"
"మీరెంతిస్తే అంతే సార్."
అందరిదీ అదే జవాబు,
రేషన్ డిపోలో సంచి పట్టినట్టు.

ఏ పనికి ఎంతిస్తున్నారో బోర్డుమీద రాశాను.
రాసుకున్నారు.
నోటితో ఒక్కరూ అనలేదు.

ఒక తెల్లవారుజామున
చుట్టాలొచ్చారని కోనాం కోసం హార్బర్‌కి వెళ్లాను.
ఐసు పొగ, డీజిల్ కంపు.
బోర్లించిన ట్రే మీద నిలబడి
వాళ్లమ్మ గొంతు పట్టేసిందో ఏమో,
ఎర్రమ్మ వేలం పాడుతోంది.
"రెండు వేలా? మొప్పలు సూడు మావా,
మా అయ్య రేతిరంతా సంద్రంలో ఉన్నాడు,
మూడు వేల రెండొందలు. తగ్గేది నేదు!"
నన్ను చూసి చటుక్కున దిగిపోయింది.
చేప కొన్నాను.
రూపాయి తగ్గించలేదు.

ఆ వారం పాఠం చెప్పలేదు.
"ట్రే మీద పిల్లని పిలు" అన్నాను.
అందరూ నవ్వారు. ఎర్రమ్మ నవ్వలేదు.
చున్నీ నడుముకి బిగించి
"ఆరు లక్షల ఎనభై వేలు" అంది.
రెండోసారి ఇంకాస్త గట్టిగా.
కిందనించి టెంట్‌హౌస్ కుర్రాడు
"ఎవులికీ?" అని అరిచాడు.

రుషికొండ అద్దాల ఆఫీసులో
ఆ అంకె వినగానే
అవతలాయన పెన్ను ఆగిందట.
కిటికీలోంచి సముద్రం చూస్తూ
ఇంకో మాట ఆడకుండా కూచుందట.
ఆరు నలభై ఇచ్చారు.
ఆ నలభై వేలు ఎందుకు కోశారని
ఇంకా గొణుగుతూనే ఉంది.

లైకోన్‌ని నాలుగు చోట్ల కాదన్నారు.
ఐదోది బుధవారం.
నా బూట్లు వాడి కాళ్లకి వదులు.

వీళ్లకి చెప్పనిదొకటుంది.
పద్నాలుగేళ్ల కింద
ఉద్యోగంలో చేరిన రోజు
నేనన్నదీ ఆ మాటే,
"మీరెంతిస్తే అంతే సార్."
రేపు మేనేజర్ గదికి వెళ్లాలి.
అద్దం ముందు నించుని
అంకె పలికి చూసుకుంటున్నాను.

సగంలో గొంతు ఆరిపోతోంది.
ఎర్రమ్మకి ఫోన్ చేయనా?